రాకెట్ సిద్ధమైనా, స్టేషన్‌లో చోటు దొరకాలి

భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి (స్పేస్ స్టేషన్‌కు) వెళ్లిన ఆక్సియమ్-4 యాత్ర 2025 మే 29న మొదలవ్వాల్సింది. మొదలైంది జూన్ 25న. ఆ నాలుగు వారాల వాయిదాల్లో పై ఎత్తున వీచే గాలుల వల్ల వచ్చినది ఒకటే. మిగతావి చూస్తే ప్రైవేటు అంతరిక్షయానం ఎవరెవరి మీద ఆధారపడుతుందో తెలుస్తుంది.

సీట్లు అమ్మి, శిక్షణ ఇప్పించి, చేయాల్సిన ప్రయోగాలు కుదిర్చేది ఆక్సియమ్ స్పేస్. ఫాల్కన్-9 రాకెట్, డ్రాగన్ నౌక స్పేస్‌ఎక్స్‌వి. స్టేషన్‌లో ఉండనిచ్చేందుకు నాసాకు విడిగా ధరల పట్టిక ఉంది. 2021 నాటి రేట్లలో స్టేషన్ సిబ్బంది సమయానికి యాత్రకు 52 లక్షల డాలర్లు, ప్రణాళిక, సమన్వయాలకు 48 లక్షలు. తిండికే మనిషికి రోజుకు 2,000 డాలర్లు!

అసలు ఇరుకు, నౌకలు స్టేషన్‌కు అతుక్కునే డాకింగ్ ద్వారాల దగ్గర. డ్రాగన్ అతుక్కోగలిగినవి రెండే, రెండూ స్టేషన్‌లోని హార్మొనీ అనే భాగానికే (మాడ్యూల్‌కే) ఉన్నాయి: ఒకటి ముందువైపు, ఒకటి పైవైపు. నాసా సిబ్బంది నౌక, సరుకు డ్రాగన్, ప్రైవేటు యాత్ర అన్నీ వీటినే పంచుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆక్సియమ్-1 ఎనిమిది రోజులు ఉండాలని వెళ్లింది. దిగాల్సిన సముద్రంలో వాతావరణం కుదరక 15 రోజులు ఉండిపోయింది. అది పైద్వారం వదిలాకే నాసా సిబ్బంది యాత్ర క్రూ-4 బయల్దేరింది. ఆ బృందం వచ్చాక గానీ, హైదరాబాద్ మూలాలున్న రాజా చారి నాయకత్వంలోని క్రూ-3 ఇంటిముఖం పట్టలేదు. ఒక్క వాయిదా మూడు యాత్రల షెడ్యూళ్లను కదిపింది.

ఆక్సియమ్-4కు వద్దాం. రాకెట్ ఇంజన్లను నేలమీదే కొద్ది సెకన్లు మండించి పరీక్షించాక ద్రవ ఆక్సిజన్ కారుతోందని తేలింది. ఇలాంటి లీకు మామూలు ఉష్ణోగ్రతలో దొరక్కపోవచ్చు. సుమారు మైనస్ 200 డిగ్రీల ద్రవం పారినప్పుడు లోహం ముడుచుకుని, కనిపించని సందులు తెరుచుకుంటాయి. కారిన ఆక్సిజన్ ఒకచోట పోగుపడితే చిన్న నిప్పురవ్వ చాలు. అక్కడ వేరే వాయువు ఊదుతూ ఆక్సిజన్ పోగుపడకుండా చూసి ఎగరేద్దామన్నది ముందు ఆలోచన. ఇస్రో బృందం ఒప్పుకోలేదు: లీకును బాగుచేసి, చల్లటి స్థితిలో మళ్లీ పరీక్షించాలంది. అతిజాగ్రత్త అన్నవారూ ఉన్నారు గానీ, మనుషులు కూర్చునే రాకెట్ విషయంలో ఆ పట్టుదల న్యాయమే.

అది తేలేలోపు స్టేషన్‌లో ఇంకో చిక్కు. రష్యా విభాగంలోని జ్వెజ్‌దా మాడ్యూల్ చివర ఉన్న సొరంగంలో అప్పటికి కొన్నేళ్లుగా గాలి కొద్దికొద్దిగా పోతూ వచ్చింది. అప్పటి తాజా మరమ్మతు తర్వాత అక్కడి పీడనం నిలకడగా కనిపించింది. శుభవార్తే కదా? కాకపోవచ్చు. లీకు మూసుకుపోయి ఉండొచ్చు, లేదా బయటికి పోయినంత గాలీ తలుపు సీలు సందులోంచి స్టేషన్ వైపు నుంచి వచ్చి చేరుతుండొచ్చు. మీటర్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే సొరంగంలో పీడనం మార్చి, ఎలా స్పందిస్తుందో చూశారు. ఉన్న ఏడుగురికి తోడు మరో నలుగురిని పంపే ముందు ఇది తెలియాలి.

డాకింగ్‌లో పని అంతా చివరి 200 మీటర్లలోనే. నౌక, స్టేషన్ రెండూ గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతున్నా, ఒకదానికొకటి సెకనుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పునే దగ్గరవుతాయి. నిర్ణీత బిందువుల దగ్గర డ్రాగన్ ఆగి, భూమి నుంచి అనుమతి వచ్చాకే కదులుతుంది. ముందు ఒక వలయం మెత్తగా పట్టుకుని ఊగులాట ఆపుతుంది, తర్వాత 12 కొక్కేలు బిగుస్తాయి. రెండు తలుపుల మధ్య ఖాళీలో గాలి నింపి, పీడనం పడిపోతుందా అని కనిపెట్టుకుని ఉంటారు. జూన్ 26న డాకింగ్ అయ్యాక తలుపు తెరవడానికి గంటన్నరకు పైగా పట్టింది.

తిరుగు ప్రయాణం జులై 14న మొదలై, మర్నాడు శాన్ డియేగో తీరంలో ముగిసింది. పారాచూట్లతో దిగిన నౌక దగ్గరికి మొదట వెళ్లే చిన్న పడవల పని విషవాయువులు కొలవడం. చిన్న ఇంజన్లలో వాడే నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం. 2020లో డ్రాగన్ తొలి మానవయాత్ర దిగినప్పుడు ఆ జాడ కనబడి, ఆవిరి తగ్గి తలుపు తీసేదాకా వ్యోమగాములు లోపలే కూర్చోవాల్సి వచ్చింది.