503 కనిపించగానే పెద్ద సర్వర్ కొనకండి

"లాగ్ నిండా 503లే సార్, మెషీన్ పెంచేద్దామా?" ఫలితాల రోజునో, ఫీజుల ఆఖరి తేదీనో నాకు ఈ ఫోన్ తప్పదు. 503 అంటే "ఇప్పుడు సేవ ఇవ్వలేను" అని సర్వర్ పంపే ఎర్రర్ కోడ్. ఆ టెన్షన్ నేను అర్థం చేసుకోగలను, పక్కనే మేనేజర్ నిలబడి ఉంటారు. కానీ ముందు చూడాల్సింది సీపీయూ. అది ఖాళీగా ఉంటే మెషీన్ పెంచి లాభం లేదు.

అపోహ: 503 అంటే సర్వర్ లోడ్ తట్టుకోలేకపోతోంది.

వాస్తవం: ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో లిమిట్_రెక్ (రిక్వెస్టుల వేగానికి పరిమితి పెట్టే సెట్టింగ్) పెడితే, పరిమితి దాటిన రిక్వెస్టును అది తిప్పికొట్టేది కూడా 503తోనే. డిఫాల్ట్ అదే. ఇలాంటి సందర్భం కోసమే 429 ("రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయి") కోడ్ 2012లో వచ్చింది. అయితే లిమిట్_రెక్_స్టేటస్ 429 అని మనం రాస్తేనే అది లాగ్‌లో పడుతుంది.

ఒక కాలేజీ ఫీజుల సైటుకు మెషీన్ పెంచారు, మళ్లీ పెంచారు. 503లు మాత్రం తగ్గలేదు. లాగ్ ఫార్మాట్‌లో అప్‌స్ట్రీమ్ స్టేటస్ (వెనకున్న అప్లికేషన్ ఇచ్చిన జవాబు కోడ్) కూడా చేర్పించి చూస్తే, 503 పక్కన వట్టి "-" ఉంది. అంటే రిక్వెస్టు అప్లికేషన్ దాకా వెళ్లనే లేదు. ఎర్రర్ లాగ్‌లో వరసగా "లిమిటింగ్ రిక్వెస్ట్స్" లైన్లు, అన్నింటిలోనూ క్లయింట్ ఐపీ ఒకటే, అది ముందు నిలబడి రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్‌ది! ఇంజిన్‌ఎక్స్ పిల్లలందరినీ కలిపి ఒక్క మనిషిగా లెక్కేస్తోంది. సెట్_రియల్_ఐపీ_ఫ్రమ్‌లో లోడ్ బ్యాలెన్సర్ అడ్రసు ఇచ్చి, అసలు ఐపీని ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ నుంచి తీసుకోమన్నాక సైటు తేరుకుంది. అక్కడ అన్ని అడ్రసులనూ నమ్మమని మాత్రం రాయకండి, ఎవరైనా దొంగ ఐపీ పెట్టి పరిమితిని తప్పించుకుంటారు. పైగా మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీ వెనక చాలామంది ఉంటారు. లాగిన్ ఉన్న చోట యూజర్‌ను బట్టి లెక్కపెట్టడమే న్యాయం.

అపోహ: సెకనుకు 10 రిక్వెస్టుల పరిమితి అంటే ఒకేసారి 10 పంపొచ్చు.

వాస్తవం: కుదరదు. లెక్క మిల్లీసెకన్లలో జరుగుతుంది, 100 మిల్లీసెకన్లకు ఒకటి. బర్స్ట్ (పరిమితి దాటిన కొన్ని రిక్వెస్టులను తిప్పికొట్టకుండా క్యూలో ఉంచే వెసులుబాటు) ఇవ్వకపోతే ఒక పేజీ తెరిచి, దాని బొమ్మలన్నీ ఒక్కసారిగా అడిగిన మామూలు మనిషి కూడా దెబ్బతింటాడు. బర్స్ట్ ఇచ్చాక పేజీ నత్తనడక నడుస్తోందంటే నోడిలే (క్యూలో ఆపకుండా వెంటనే పంపమనే మాట) చేర్చండి.

అపోహ: లాగ్‌లో 200 ("అంతా సవ్యం" అనే కోడ్) ఉంటే అంతా బాగున్నట్టే.

వాస్తవం: ఎర్రర్_పేజ్ 503 =200 అని, అంటే 503ను 200గా మార్చి పంపమని, ఎవరో ఎప్పుడో రాసి ఉంటారు. జనానికి "కాసేపాగి రండి" పేజీ వెళ్తుంది, లాగ్‌లో 200 పడుతుంది, అలర్ట్ మోగదు. ఆ "=200" ఇవాళే తీసేయండి. ఇక 499 అంటే మనం పంపిన ఎర్రర్ కాదు, జవాబు వచ్చేలోపే అవతలివాళ్లు కనెక్షన్ తెంచుకున్నారని. అప్లికేషన్ ఎంతసేపు తీసుకుంటోందో చూడండి.

కొత్త పరిమితి పెట్టే ముందు లిమిట్_రెక్_డ్రై_రన్ ఆన్ చేయండి, 1.17.1 నుంచి ఉంది. ఎవరినీ ఆపదు, ఎవరు ఆగిపోయేవారో మాత్రం లాగ్‌లో రాస్తుంది. రద్దీ ఉండే ఒక పూట అలా నడిపి చూశాకే అసలు పరిమితి పెట్టండి.