మీ మేడం ఎందుకు ఆగుతుందంటే

చిత్తూరు,
ఆదివారం

తిరుపతిలోని నా పిల్లకాయలకు,

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది కదా, "మా ఇంగ్లీష్ మేడంకు జవాబు తెలుసు, చెప్పేయకుండా నన్ను నిలబెట్టి మళ్ళీ మళ్ళీ ఎందుకు అడుగుతుంది అవ్వా?" అని. ముప్పై ఏండ్లు అదే పని చేసినదాన్ని, అయినా ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయినా. అందుకే ఈ ఉత్తరం.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, మన జిల్లాలోనే ఒక పల్లె బళ్ళో, "వాట్ ఈజ్ యువర్ ఫాదర్?" అని అడిగేదాన్ని. "ఫార్మర్" అనేవాడు పిల్లోడు. "గుడ్, సిట్ డౌన్." అంతే, మాట తెగిపోయేది. టీచర్ అడగడం, బిడ్డ ముక్క చెప్పడం, టీచర్ మెచ్చుకోవడం: ఈ మూడు మెట్ల వరసను 1975లో సింక్లెయిర్, కౌల్తార్డ్ అనే ఇద్దరు ఇంగ్లండు తరగతుల్లో గమనించి రాసినారు. నా మట్టుకు నాకు, అసలు చదువంతా ఆ మూడో మెట్టు దగ్గరే ఉంది.

ఒకరోజు ఒక పిల్లోడు "మ్యాంగో ఫార్మర్" అన్నాడు. అక్కడ నేను "గుడ్" అనలేదు. "విచ్ మ్యాంగోస్?" అన్నా. "తోతాపురి." "వై నాట్ బేనీషా?" వాడు తల గోక్కున్నాడు, పైకప్పు చూసినాడు. నేను నోరు మెదపలేదు. "ఫ్యాక్టరీ... జ్యూస్... బై" అన్నాడు. చెప్పాల్సిందంతా అందులోనే ఉంది, వాక్యం ఒక్కటే కుదరలేదు. "ద ఫ్యాక్టరీ బైస్ దెమ్ ఫర్ జ్యూస్?" అన్నా. వాడి ముఖం వెలిగిపోయింది. "యస్ మిస్! ద ఫ్యాక్టరీ బైస్ దెమ్. బేనీషా, వుయ్ ఈట్!" ఆ 'బైస్' (కొంటుంది) అనే మాట నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా వాడికి పట్టుబడలేదు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు చుట్టూ కొయ్యలు కట్టి, గోడ నిలిచినాక విప్పేస్తారు చూడండి, టీచర్ మాట అట్లాంటిదే. ఆ పోలికను 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు చదువుకు వాడినారు.

ఇక ఆగడం సంగతి. టీచర్లు ప్రశ్న అడిగి ఒక్క సెకండు కూడా సరిగ్గా ఆగరని అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతుల్లో కనిపెట్టింది. 3 సెకండ్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయినాయి. పరాయి భాషలో మాట వెతుక్కునే బిడ్డకు ఇంకా ఎక్కువే కావాలి.

నువ్వు "యస్టర్డే ఐ గో" అంటే "యు వెంట్?" అని మేడం సరిచేసి సాగిపోవచ్చు. కెనడాలో ఫ్రెంచి నేర్చుకునే పిల్లల దగ్గర లిస్టర్, రాంటా అనే ఇద్దరు పరిశోధకులు 1997లో చూసింది ఇదే: అట్లాంటి సవరణను పిల్లలు చాలాసార్లు పట్టించుకోకుండా దాటేస్తారు. "యస్టర్డే ఐ...?" అని సగంలో ఆపితే తామే దిద్దుకుంటారు. మీ మేడం చేసేది అదే తల్లీ. అయితే బాగా భయపడే బిడ్డను అట్లా నిలబెట్టకూడదు, మొదటి పద్ధతే మేలు.

మీ తాతకు అరవం ఎట్లా వచ్చిందనుకుంటిరి? బెల్లం మండీలో వేలూరు వ్యాపారులతో బేరాలాడి. వాళ్ళు "ఎన్న?" అని తిరిగి అడిగినప్పుడల్లా ఇంకో మాట వెతుక్కునేవాడు.

మీరూ ఒక్క ముక్క చెప్పి కూర్చోవద్దు. అర్థం కాకపోతే "సే ఇట్ అగైన్, మిస్" అనండి. మాట దొరక్కపోతే ఆ ఒక్కటి తెలుగులో అనేసి ముందుకు పోండి.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు మేడం ఏమడిగిందో, మీరేమన్నారో మాటకు మాట చెప్పండి. వింటా.

మీ అవ్వ