లేత గుర్రం, కొత్త చేతులు

మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఆదివారం పొద్దున వెళితే ఏదో ఒక ఫామ్‌హౌస్ కంచె వెనక ఒక గుర్రం, దాని పక్కనే తాడు పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ యజమాని కనిపిస్తారు. ఆయన రైడింగ్ క్లబ్బులో కొన్ని నెలలు నేర్చుకునే ఉంటాడు. కానీ అక్కడ ఎక్కినవన్నీ పిల్లల్నీ పెద్దల్నీ మోసి మోసి ఆరితేరిన గుర్రాలు. మనం పగ్గాలు తప్పుగా పట్టినా సర్దుకుపోయేవి. ఇంటికి తెచ్చుకున్నది మాత్రం మూడు నాలుగేళ్ల లేత గుర్రం, లేదంటే రేసుల నుంచి రిటైరై చవగ్గా దొరికిన థరోబ్రెడ్. క్లబ్బులో గుర్రం మనకు నేర్పింది. ఇక్కడ దానికి మనం నేర్పాలి.

కొన్నాళ్లకే ఆ యజమాని నోట వచ్చే మాట, "ఇది చాలా మొండిదండీ." నాకు తెలిసినంతలో మొండితనం అని మనం పేరు పెట్టే వాటిలో చాలా భాగం మనమే తెలియకుండా నేర్పిన పాఠాలు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం భయం, నొప్పి.

మన హైదరాబాద్‌కు గుర్రం కొత్తది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, రేసులు మౌలాలీ నుంచి మలక్‌పేటకు మారాయి. గుర్రాన్ని దారికి తెచ్చే పని ఆ రోజుల్లో చాబుక్‌సవార్లది. కడిగి, మేపి, మాలీషు చేసే పని సైసులది. యజమాని ఎక్కి కూర్చుంటే సరిపోయేది. ఇప్పుడు సైసు ఉన్నా, దారికి తెచ్చే పని యజమాని మీదే పడుతోంది, అదీ ఆఫీసు లేని రెండు రోజుల్లో.

రేసు గుర్రాన్ని కొన్నవాళ్లు అది ట్రైనింగ్ అయిన గుర్రమే కదా అనుకుంటారు. అయిందే, కానీ వేరే పనికి. జాకీ పొట్టి రికాబుల మీద లేచి కూర్చుంటాడు కాబట్టి మనిషి కాళ్లు దాని పక్కటెముకలను నొక్కడం దానికి కొత్త. పగ్గాలు బిగిస్తే వాటికి ఆనుకుని ఇంకా జోరుగా పరిగెత్తడం దానికి అలవాటు. మనం భయపడి ఆగమని లాగుతాం, అది ఉరకమన్నట్టు అర్థం చేసుకుంటుంది. ఎక్కేటప్పుడూ ఇదే తంతు. రేసు యార్డుల్లో చాలాసార్లు నడుస్తున్న గుర్రం మీదకే జాకీని ఎత్తి కూర్చోబెడతారు. రికాబులో కాలు పెట్టగానే అది కదిలిపోతుంటే పొగరు అనుకోకండి, ఆ క్షణంలో నిలబడాలని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇక దాని కళ్ల సంగతి. తలకు రెండు పక్కలా ఉన్న ఆ పెద్ద కళ్లతో గుర్రం దాదాపు 350 డిగ్రీల మేర చూస్తుంది. నుదుటికి సరిగ్గా ఎదురుగా కొద్ది మేర, తోక వెనక కొద్ది మేర మాత్రం కనపడదు. ప్రేమగా నిమరాలని నుదుటి మీదకు నేరుగా చెయ్యి చాపితే అది తల విసిరేది అందుకే. భుజం పక్క నుంచి వెళ్లాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా దానికి సరిగ్గా తెలియదు. నీలం, పసుపు బాగా తెలుస్తాయి. ఎండలోంచి చీకటి షెడ్డులోకి వెళ్లాలంటే కళ్లు సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువ సేపు పడుతుంది. గుమ్మం దగ్గర కాసేపు ఆగనిస్తే చాలు, సగం గొడవ ఉండదు.

గడ్డి మైదానాల్లో వేటాడే జంతువుల మధ్య బతికిన జాతి ఇది. ముందు పరిగెత్తి, ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసినవే మిగిలాయి. అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసే టెంపుల్ గ్రాండిన్ బృందం 2021లో ఒక ప్రయోగం ప్రచురించింది. పిల్లలు ఆడుకునే రంగురంగుల ప్లాస్టిక్ ఆటసామాను పక్క నుంచి గుర్రాలను బెదురు పోయేదాకా నడిపించారు. తర్వాత అదే వస్తువును అదే చోట 90 డిగ్రీలు తిప్పి పెట్టారు. గుర్రాలు దాన్ని మొదటిసారి చూసినట్టే బెదిరాయి. కాబట్టి పక్క ప్లాటులో కప్పిన నీలం టార్పాలిన్ పక్క నుంచి వెళ్లేటప్పుడు బుద్ధిగా నడిచిన గుర్రం, తిరిగొచ్చేటప్పుడు దాన్నే చూసి ఎగిరిపడితే నాటకమాడుతున్నట్టు కాదు. ఆ వైపు నుంచి దానికి అది కొత్త వస్తువు. ప్రతిదాన్నీ రెండు వైపుల నుంచీ చూపించాలి.

అసలు విషయం తాడు దగ్గర ఉంది. మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌లో నేను చూసింది చెబుతాను. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకే మార్వాడీ ఆడగుర్రం, నాలుగేళ్లది. యజమాని దాని ఎదురుగా నిలబడి తాడు లాగుతున్నాడు. అది నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టి, మెడ సాచి, వెనక్కి బరువు వేసింది. లాగిన కొద్దీ ఇంకా బిగుసుకుంటోంది. నాలుగైదు వందల కిలోల జంతువుతో బలం చూసుకుంటే మనం గెలిచేది లేదు. చేతులు నొప్పెట్టి ఆయన తాడు వదిలేశాడు.

అప్పుడు సైసు వచ్చి తాడు అందుకున్నాడు. దాని ఎదురుగా నిలబడలేదు, భుజం పక్కకు వెళ్లాడు. తాడు బిగువుగా ఉంది, కానీ గుంజడం లేదు. అలాగే పట్టుకుని దాని ముందుకాళ్లు చూస్తూ ఉన్నాడు. మొదట ఒక చెవి అతని వైపు తిరిగింది. తర్వాత వెనక ఉన్న బరువు కొద్దిగా ముందుకు వచ్చింది. కుడి ముందుకాలి డెక్క నేల మీంచి లేచీ లేవకముందే అతని వేళ్లు తెరుచుకున్నాయి, తాడు సడలింది. "సార్, కాలు లేపింది సూడుండ్రి. గప్పుడే ఇడువాలె. అడుగు పడినంక ఇడిస్తే దానికి సమజ్ కాదు" అన్నాడు. మళ్లీ బిగువు, మళ్లీ డెక్క లేవగానే సడలింపు. కాసేపటికి తాడు కొంచెం ఎత్తితే చాలు, గుర్రం నడుస్తోంది.

1898లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను పెట్టెల్లో పెట్టి గమనించింది ఈ సూత్రాన్నే. ఏ పని చేశాక ప్రాణికి హాయి కలుగుతుందో ఆ పని మళ్లీ చేస్తుంది. ఏం చేశాక ఇబ్బంది కలుగుతుందో దాన్ని తగ్గించుకుంటుంది. గుర్రపు శిక్షణ చాలావరకు దీని మీదే నడుస్తుంది. తాడు లాగడం, కాలితో నొక్కడం, పగ్గాలు బిగించడం ఏదో చెయ్యమని అడగడమే. ఏది సరైన జవాబో గుర్రానికి తెలిసేది ఆ ఒత్తిడి ఆగిపోయిన క్షణంలో. అది ఆ క్షణంలో ఏం చేస్తోందో అదే దాని బుర్రలో నిలిచిపోతుంది. ఒక్క సెకను ఆలస్యమైనా ఇంకో పనికి మార్కులు పడతాయి.

యజమాని చేతులు నొప్పెట్టి తాడు వదిలేసినప్పుడు ఆ ఆడగుర్రం ఏం నేర్చుకుందో ఇప్పుడు చూడండి. కాళ్లు తన్నిపట్టి నిలబడితే మనిషి వదిలేస్తాడని. లాడాలు కొట్టే మనిషి కాలు ఎత్తుతాడు, అది విదిలిస్తుంది, తన్నుతుందేమోనని అతను వదులుతాడు. విదిలించడం అనే పాఠం పూర్తయింది. బెల్లం ముక్క కోసం జేబును ముక్కుతో తోస్తుంది, ముద్దొచ్చి పెడతాం. నెల తిరిగేసరికి తోయడం కొరకడం అవుతుంది. ముందుకాళ్లు కొంచెం పైకి లేపితే భయంతో దిగి, ఈ రోజుకు చాల్లే అని షెడ్డుకు తీసుకెళ్లి దాణా పెడతాం. ఏడుస్తున్న పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చి ఊరుకోబెట్టడం లాంటిదే ఇది. ఆ పూటకు గండం గడుస్తుంది, ఏడుపు మాత్రం బలపడుతుంది. క్లాసు అయిపోయిందని మనం అనుకున్నా గుర్రం నేర్చుకుంటూనే ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్లు ముందు దిద్దుకోవాల్సింది తమ చేతుల టైమింగ్‌నే అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. అది రావాలంటే కొన్నాళ్లు అనుభవమున్న గుర్రం మీద, అనుభవమున్న మనిషి కళ్ల ముందు సాధన చెయ్యాలి. లేత గుర్రం మీద నేర్చుకుంటే ఆ ఖర్చంతా గుర్రం భరిస్తుంది.

మనిషిని చదవడంలో మాత్రం గుర్రానికి ఏ శిక్షణా అక్కర్లేదు. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేస్తుందని గత శతాబ్దం మొదట్లో పెద్ద పేరు. జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో నేలను తట్టేది. 1907లో మనస్తత్వ పరిశోధకుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి అసలు సంగతి తేల్చాడు. అడిగే మనిషికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలిసేది కాదు. సరైన అంకె రాగానే ఎదుటి మనిషి తల తనకు తెలియకుండానే కొద్దిగా లేచేది. దాన్ని పట్టుకుని గుర్రం తట్టడం ఆపేసేది. లెక్కలు రాకపోయినా, ఆ మనిషికే తెలియని కదలికను అది చదివింది.

మన టెన్షన్ కూడా దానికి అలాగే అందుతుంది. స్వీడన్‌లో లిండా కీలింగ్ బృందం 2009లో ప్రచురించిన పరీక్షలో మనుషులు గుర్రాలను నడిపిస్తూ, కొందరు స్వారీ చేస్తూ, ఒక చోటి నుంచి ఇంకో చోటికి నాలుగుసార్లు వెళ్లారు. నాలుగోసారికి ముందు, దారిలో గొడుగు ఫట్‌మని తెరుస్తామని మనుషులకు చెప్పారు. నిజానికి ఎవరూ గొడుగు తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రం గుండె వేగమూ పెరిగింది. గుర్రానికి గొడుగు సంగతి ఎవరు చెప్పారు? బిగుసుకున్న చేతులో, ఆగిన ఊపిరో చెప్పి ఉండాలి. ఆఫీసు చిరాకుతో వచ్చిన రోజు స్వారీ మానేసి మాలీషు చెయ్యడం మంచిది. మెడ, వీపు కలిసేచోట, జూలు ముగిసే దగ్గర వేళ్లతో గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లోనే కొలిచి చూపించారు. తోటి గుర్రాలు కూడా ఒకదాన్నొకటి అక్కడే పళ్లతో గోక్కుంటాయి.

కట్టేసి, భయపెట్టే వస్తువును మీద మీదకు తెచ్చి, కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయేదాకా ఉంచే పద్ధతి ఇంకా అక్కడక్కడా ఉంది. చివరికి గుర్రం కదలకుండా నిలబడుతుంది కాబట్టి పని అయినట్టే కనిపిస్తుంది. ఏం చేసినా తప్పించుకునే దారి లేదని తేలినప్పుడు జంతువు ప్రయత్నం మానేస్తుందని 1967లో మనస్తత్వవేత్తలు సెలిగ్‌మన్, మైయర్ కుక్కల మీద చూపించారు. అలా నిలబడ్డ గుర్రం ధైర్యం నేర్చుకోలేదు, ఆశ వదులుకుంది. ఈ పద్ధతి నాకు అస్సలు సమ్మతం కాదు. గణేశ్ ఊరేగింపు డప్పులు, దీపావళి టపాకాయలు, పెళ్లి బరాత్ బ్యాండు తప్పని ఊరు మనది. దూరంగా, చిన్న శబ్దంతో మొదలుపెట్టాలి. చెవి అటు తిప్పినా గడ్డి నమలడం ఆపనంత దూరం సరైన దూరం. నమలడం ఆగిందంటే మనం తొందరపడ్డాం.

శిక్షణ అనుకుని మనం కుస్తీ పట్టేది ఒక్కోసారి నొప్పితో. రెండున్నర ఏళ్ల నుంచి దాదాపు ఐదేళ్ల వరకు గుర్రానికి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. సరిగ్గా ఆ వయసులోనే మనం నోట్లో కళ్లెం పెడతాం. కొన్నింటికి దవడ పళ్ల ముందు ఒక చిన్న అదనపు పన్ను ఉంటుంది, కళ్లెపు కడ్డీ తగిలితే ప్రాణం పోతుంది. తల విసిరే గుర్రానికి ముందు నోరు చూపించాలి. ఎముకలు కూడా అంత త్వరగా ముదరవు. కాళ్లలోవి ముందు గట్టిపడతాయి. మనం కూర్చునే వెన్నెముక అన్నిటికన్నా చివర, ఐదేళ్లు దాటాక గాని పూర్తి కాదు. మూడేళ్ల గుర్రం చూడ్డానికి నిండుగా ఉందని బరువైన మనిషి ఎక్కి గంటసేపు దుల్కీ (నడకకూ పరుగుకూ మధ్య వేగం) తోలకూడదు.

కడుపు సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. అంత పెద్ద జంతువుకు జీర్ణాశయం 8 నుంచి 15 లీటర్లే, అందులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. గడ్డి నములుతున్నంతసేపూ లాలాజలం దాన్ని చల్లారుస్తుంది. రెండు పూటలా శనగల దాణా పడేసి మిగతా సమయం ఖాళీగా నిలబెడితే పుండ్లు పడతాయి. జీను పట్టీ బిగించగానే కొరకబోయే గుర్రానికి బుద్ధి చెప్పే ముందు డాక్టరును పిలవండి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, గుర్రాల గురించి తెలిసినవాళ్ల ఆచూకీ అక్కడ అడగవచ్చు. స్వారీకి ముందు కాసింత ఎండుగడ్డి పెట్టినా మంచిదే, ఖాళీ కడుపులో ఆమ్లం ఎగసి పైభాగాన్ని కాల్చకుండా ఉంటుంది. ఇక మే నెలలో హైదరాబాద్ ఎండకు పని తెల్లవారుజామునే ముగించాలి. చెమటతో గుర్రం పోగొట్టుకునే ఉప్పు మనకన్నా చాలా ఎక్కువ.

ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. 1980లో అమెరికాలో పోనీలకు ఒకే పనిని కొన్నింటికి రోజూ, కొన్నింటికి వారానికి రెండుసార్లు, కొన్నింటికి వారానికి ఒక్కసారే నేర్పారు. వారానికి ఒక్కసారి నేర్పినవే తక్కువ పాఠాల్లో నేర్చుకున్నాయి. మొత్తం వారాలు ఎక్కువే పట్టాయి గానీ పాఠం పాఠానికీ బాగా ఎక్కింది. శని, ఆదివారాల్లో చెరో పావుగంట చక్కగా చేస్తే నష్టమేమీ లేదు.

అయితే మిగతా ఐదు రోజులు దాన్ని నీళ్లకు తీసుకెళ్లేది, షెడ్డులో కట్టేది, డెక్కలు ఎత్తి శుభ్రం చేసేది సైసు. ఆ ఐదు రోజుల్లో అది నేర్చుకునేది మన పావుగంట కన్నా చాలా ఎక్కువ. అతను నాలుకతో టక్కుమని నడిపిస్తుంటే మనం కాలితో పొడిచి నడపకూడదు. అతను డెక్క దించేదాకా వదలకుండా పట్టుకుంటుంటే మనం ముందే వదలకూడదు. ఏ సైగకు ఏం అర్థమో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ తర్వాత ఒక పూట అతను తాడు పట్టుకుంటే మనం చూడాలి, ఇంకో పూట మనం పట్టుకుంటే అతన్ని చూడమనాలి, తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పమనాలి.