10 నుంచి 30కి ఉత్తరాలు

1601 నుంచి లండన్‌కీ ఎడిన్‌బరోకీ మధ్య కొన్ని ఉత్తరాలు గుట్టుగా నడిచాయి. వాటిలో పేర్లుండవు, అంకెలే. 10 అంటే ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ కార్యదర్శి రాబర్ట్ సెసిల్. 30 స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్. 24 అంటే సాక్షాత్తు రాణిగారే. ఆమె కంట మాత్రం ఇవి పడకూడదు.

రాణికి పిల్లల్లేరు, వారసుడి పేరు ఎత్తితే ఒప్పుకోదు. తనకి ముందు రాణిగా ఉన్న అక్క మేరీ చివరి రోజుల్లో, కాబోయే రాణి అని జనమంతా తన చుట్టూ ఎలా మూగారో ఆమె మరిచిపోలేదు. ఈ ప్రశ్న వదలకుండా అడిగిన పార్లమెంటు సభ్యుడు పీటర్ వెంట్‌వర్త్ టవర్ జైల్లోనే పోయాడు. పైగా చట్టప్రకారం జేమ్స్‌కి దారి మూసుకునే ఉంది: ఎలిజబెత్ తండ్రి ఎనిమిదో హెన్రీ వీలునామా, స్కాట్లండ్‌కి కోడలుగా వెళ్లిన తన అక్క సంతతిని (జేమ్స్ ఆ వంశమే) వదిలేసి, చెల్లెలి సంతతిని వరసలో పెట్టింది.

జేమ్స్‌కి సెసిల్ కుటుంబం అంటే మరో లెక్క కూడా ఉంది. 1587లో జేమ్స్ తల్లి, ఒకప్పటి స్కాట్లండ్ రాణి మేరీ (ఈమె వేరే మేరీ) మరణశిక్ష పత్రం మీద ఎలిజబెత్ సంతకం పెట్టి, ఆపైన తటపటాయించింది. రాబర్ట్ తండ్రి బర్లీ, తోటి మంత్రులు ఆమెకి చెప్పకుండానే దాన్ని పంపేశారు. ఫోదరింగే కోటలో మేరీ తల తెగింది. రాణి కొన్నాళ్లు బర్లీ ముఖం చూడలేదు. టవర్‌కి వెళ్లింది మాత్రం కార్యదర్శి డేవిసన్. ఎప్పుడూ చిన్నవాడే కదా దొరికేది!

అయినా రాజకీయంలో అవసరం పగని మింగేస్తుంది. రాణి కొలువులో జేమ్స్ నమ్ముకున్న ప్రభువు ఎసెక్స్ 1601 ఫిబ్రవరిలో తిరుగుబాటు చేసి తల పోగొట్టుకున్నాడు. అతని కోసం బయల్దేరిన స్కాట్లండ్ దూతలు చివరికి సెసిల్‌తో మాట్లాడుకున్నారు. సెసిల్ సలహా సూటిగానే ఉంది: తొందరపడొద్దు, హక్కు గురించి గోల చేయొద్దు, రాణికి తియ్యగా రాస్తూ ఉండండి.

అప్పటి టెన్షన్‌కి ఒక కథ చెబుతారు. బండిలో రాణి పక్కనే సెసిల్ ఉండగా స్కాట్లండ్ నుంచి టపా వచ్చిందట. విప్పి చూపించమంది రాణి. సెసిల్ సంచీ తెరిచి, ‘అబ్బ, కంపు కొడుతోంది, కాస్త గాలి తగలనివ్వాలి’ అన్నాడట. రాణికి దుర్వాసన అంటే అసహ్యం. పక్కన పెట్టించేసింది. నిజమో కాదో గానీ, ఆ మనిషికి సరిగ్గా సరిపోయే కథ.

ఇది రాజద్రోహమా, రాజభక్తా? నా లెక్కలో రెండూనూ, దాంతోపాటు తన కుర్చీ కాపాడుకోవడమూను. 1603 మార్చి 24 తెల్లవారుజామున రాణి కన్నుమూసింది. ఆ ఉదయమే సెసిల్ జేమ్స్‌ని రాజుగా చాటే ప్రకటనని లండన్‌లో చదివాడు. ఆ ప్రకటన చిత్తుప్రతిని జేమ్స్ అంతకుముందే చూసి, బాగుందన్నాడు.