క్రైస్తవ సంఘం, రాజకీయం: సంఘ కాపరిగా (పాస్టరుగా) నేను తరచూ వినే అపోహలు

అపోహ: ‘కైసరువి కైసరునకు, దేవునివి దేవునికి చెల్లించండి’ అని యేసు అన్నాడు, కైసరంటే రోమా చక్రవర్తి, కాబట్టి విశ్వాసికి రాజకీయాలతో పని లేదు.

వాస్తవం: ఈ వాక్యం ఎత్తేవారు చాలామంది సగంలోనే ఆగిపోతారు. కైసరుకు పన్ను కట్టాలా వద్దా అని యేసును అడిగారు. కట్టమంటే జనానికి కోపం, వద్దంటే రోముకు కోపం. అడిగినవారు పన్నిన ఉచ్చు అది. యేసు దేనారం అనే రోమా నాణెం తెప్పించి, దాని మీద రూపం ఎవరిదని అడిగాడు. కైసరుదన్నారు. సరే, కైసరు బొమ్మ ఉన్నది కైసరుకే పోనీ. మరి దేవుని స్వరూపం ఉన్నది ఎక్కడ? మనిషిలో అంటుంది బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం. లేఖనాలు కంఠతా వచ్చినవారికి చురక అక్కడే తగిలి ఉంటుంది. కైసరుకు చెల్లేది పన్ను, మనిషి కాదు.

అపోహ: మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుచేయడం నాస్తికుల ఎత్తుగడ.

వాస్తవం: సంఘ చరిత్ర చెప్పేటప్పుడు విద్యార్థులు నోళ్లు వెళ్లబెట్టేది ఇక్కడే. రోజర్ విలియమ్స్ బోధకుడు, కరడుగట్టిన విశ్వాసి. భక్తి విషయాల్లో ప్రభుత్వం జోక్యమేమిటని నిలదీసినందుకు అమెరికాలోని ఇంగ్లిష్ వలస మసాచుసెట్స్ ఆయన్ను వెళ్లగొట్టింది. 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు స్థాపించాడు. సంఘమనే తోటకూ లోకమనే అడవికీ నడుమ గోడ ఉండాలని 1644లో రాశాడు. ఆయన బెంగంతా తోట గురించే. 1802లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ మళ్లీ ఆ గోడ ఊసెత్తిన ఉత్తరం అందుకున్నదీ విశ్వాసులే: వేరే సంఘానికి అధికార హోదా ఉన్న కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు.

అపోహ: అధికారులకు లోబడమని పౌలు రాసిన రోమా పత్రిక 13వ అధ్యాయం ప్రకారం పాలకులు ఏం చెప్పినా తలూపాలి.

వాస్తవం: ‘మనుష్యులకు కాదు దేవునికే’ లోబడాలని అధికారుల ముఖం మీదే అపొస్తలులు చెప్పారు. హిట్లర్ పాలనలో, 1934 మేలో జర్మనీలోని బార్మెన్‌లో కూడిన సంఘ ప్రతినిధులు, సంఘం రాజ్యానికి పనిముట్టు కాదని ప్రకటించారు. ముసాయిదా ప్రధానంగా వేదాంతి కార్ల్ బార్త్‌ది. అయితే హిట్లర్ ప్రభుత్వం వేధిస్తున్న యూదుల ఊసే అందులో లేదు. అది తన తప్పేనని బార్త్ తరువాత ఒప్పుకున్నాడు. ఈ ప్రకటనను పొగిడేటప్పుడు ఆ సంగతి దాటవేయడం నాకు నచ్చదు.

అపోహ: నిజమైన విశ్వాసులందరిదీ ఒకే రాజకీయం.

వాస్తవం: బానిసల వ్యాపారాన్ని 1807లో బ్రిటన్ నిషేధించేదాకా పోరాడిన బ్రిటిష్ ఎంపీ విల్బర్‌ఫోర్స్ చేతిలోనూ, బానిసత్వాన్ని సమర్థించిన బోధకుల చేతిలోనూ ఉన్నది అదే బైబిల్.

అపోహ: ఓటు ఎవరికో కాపరే చెప్పాలి.

వాస్తవం: ఎన్నికల ముందు ఒక అభ్యర్థి ఆరాధనకు వచ్చి రెండు మాటలు మాట్లాడతానన్నాడు. కుర్చీ వేయించాను, మైకు ఇవ్వలేదు. అధికారుల కోసం ప్రార్థించమని తిమోతికి పౌలు రాశాడు కదా, పేరు పెట్టి ప్రార్థించాను. తరువాతి ఆదివారం ఆయన ప్రత్యర్థి వచ్చాడు. అదే కుర్చీ, అదే ప్రార్థన.