కరెంటు తీసేసిన నీళ్ళు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నది అడిగిన మాట నాకు తెగ నచ్చింది. "నీళ్ళలోంచి కరెంటు లాగేస్తే ఇంకేం సారం మిగులుతుంది తాతయ్యా? పైరుకు పనికొస్తాయా?" అని. పెద్దవాళ్ళు నవ్వారట. నవ్వాల్సిన పనిలేదు, ఈ అనుమానం రైతులకీ వచ్చిందే.

కర్ణాటకలో కావేరి మీద, జలపాతాలున్న చోట, శివనసముద్రం కరెంటు కేంద్రం ఉంది. అక్కడి ఆనకట్ట చూస్తే మీకు ఉత్సాహం చచ్చిపోతుంది. ఏటికి అడ్డంగా ఓ రాతికట్ట, అంతే. అది నీళ్ళని కాలవలోకి మళ్ళిస్తుంది. కాలవ చివర గొట్టాలు, సుమారు 400 అడుగుల కింద కరెంటు మిషన్లు. ఈ పని తలపెట్టిన మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ 1901లోనే పోయారు. కరెంటు 1902లో వచ్చింది.

రాయి మీద బల్ల పెట్టి ఆడతారు కదా. తమ్ముడు ఒక కొసన కూర్చున్నాడు, నువ్వు గోడెక్కి రెండో కొస మీదకి దూకావు. వాడు ఎగిరాడు. నీలోంచి ఏం పోయింది? ముక్కూ చెవులూ ఉన్న చోటే ఉన్నాయి. పోయిందల్లా ఎత్తు. మళ్ళీ దూకాలంటే మళ్ళీ గోడెక్కాలి. నీళ్ళూ అంతే, పైనుంచి దూకి మిషన్ల చక్రాలు తిప్పుతాయి. వాటిని మళ్ళీ పైకి ఎక్కించేది సూర్యుడు. సముద్రాన్ని ఆవిరి చేసి, కొడగు కొండల మీద కుమ్మరిస్తాడు. వేసవి వచ్చేసరికి ఏట్లో నీళ్ళు తగ్గేవి, అంటే గోడ మీద పిల్లలు పలచబడేవారు. అందుకూ, సాగుకూ కలిపి 1911లో ఎగువన కృష్ణరాజసాగరం ఆనకట్ట మొదలెట్టారు. వానల్లో వచ్చిన పిల్లల్ని నిలబెట్టి, ఎండల్లో వరసగా దూకించడం అన్నమాట! ఆ పని నడిపిన విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులది మన మోక్షగుండమే.

శివనసముద్రం కరెంటు దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద నడిచి ముందు కోలారు బంగారు గనులకు వెళ్ళింది. బెంగుళూరు వీధిదీపాలు 1905 దాకా ఆగాయి. బంగారం ముందు, జనం తర్వాత. అది న్యాయమేనా, మీరే ఆలోచించండి.

మా మేనమామ ఆ గనుల్లోనే పనిచేసేవాడు. సెలవులకి వెళ్తే ఊరి పక్కన సైనైడ్ దిబ్బలు కొండల్లా కనిపించేవి. రాయిని పిండి కొట్టి, సైనైడ్ అనే విషపు మందుతో బంగారం తీసేశాక మిగిలిన పొడి అది. గాలి లేస్తే ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని అన్నం మీద పడేది. అత్తయ్య పొద్దస్తమానం దులుపుతూనే ఉండేది. 2001లో గనులు మూసేసినా దిబ్బలు పోలేదు. సారం లాగేస్తే మిగిలేది అలా ఉంటుందమ్మా.

కావేరి నీళ్ళు అలా కావు. మిషన్ల కిందనుంచి బయటపడి ఏట్లో కలుస్తాయి, తమిళనాడులోని మెట్టూరు ఆనకట్ట దగ్గర ఇంకోసారి చక్రాలు తిప్పుతాయి, అటుపైన తంజావూరు వరికి పారతాయి.

చక్రం తిరిగితే తీగలోకి కరెంటు ఎలా వస్తుందంటారా? అయస్కాంతమూ రాగితీగా అని మీ పుస్తకంలో ఉంది. చదివిన ప్రతిసారీ నాకు వింతగానే ఉంటుంది, విడమర్చి చెప్పడం నా వల్ల కాదు.

వానలు బాగా పడ్డాక, ఆగస్టులో, మీ నాన్నని శివనసముద్రం తీసుకెళ్ళమనండి. అక్కడి గగనచుక్కి జలపాతం చూసి ఊరుకోకండి, కొండవాలు మీద దిగే గొట్టాలు ఎక్కడున్నాయో వెతకండి. రాళ్ళు నాచుపట్టి జారతాయి, కమ్మీ దాటి ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు.

మీ
తాతయ్య