ఉన్న ఇళ్లు అమ్మేశారు, కొత్తవి ఎవరు కట్టాలి? ఇంగ్లండ్‌లో వందేళ్ల గొడవ

ఇంగ్లండ్‌లో కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) తక్కువ అద్దెకిచ్చే ఇంటి కోసం దాదాపు 13 లక్షల కుటుంబాలు వెయిటింగ్ లిస్టులో ఉన్నాయి. వాళ్లకు ఇళ్లు కట్టాల్సింది స్థానిక కౌన్సిళ్లా, లాభాపేక్ష లేని హౌసింగ్ అసోసియేషన్లా అన్న చర్చ మళ్లీ వేడెక్కింది. దీని మూలాలు చాలా పాతవి.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక, 1919లో అడిసన్ చట్టం తెచ్చి, సర్కారు సబ్సిడీతో కౌన్సిళ్లే ఇళ్లు కట్టి అద్దెకిచ్చేలా చేశారు. తూర్పు లండన్ వైపు డాగెన్‌హామ్ దగ్గరి బెకంట్రీ ఒక్కదానిలోనే 1921-35 మధ్య 25 వేలకు పైగా ఇళ్లు లేచాయి. 1970ల చివరికి మూడో వంతుకు దగ్గరగా కుటుంబాలు కౌన్సిల్ ఇళ్లలోనే ఉండేవి.

1980లో ప్రధాని థాచర్ ప్రభుత్వం కౌన్సిల్ ఇళ్లలో అద్దెకున్నవాళ్లకు, తాము ఉంటున్న ఇంటిని భారీ డిస్కౌంట్‌తో కొనుక్కునే హక్కు ఇచ్చింది. కొన్నవాళ్లను తప్పుపట్టలేం, ఎవరైనా కొంటారు. తప్పంతా ఆ డబ్బుతో మళ్లీ ఇళ్లు కట్టుకోకుండా కౌన్సిళ్ల చేతులు కట్టేయడంలో ఉంది. ఇప్పటికి 20 లక్షల దాకా ఇళ్లు అలా పోయాయి, వాటిలో చాలా ఫ్లాట్లు ఇవాళ ప్రైవేటు ఓనర్ల చేతుల్లో మార్కెట్ అద్దెకు తిరుగుతున్నాయి. తూర్పు లండన్‌లో మనవాళ్లు ఉంటున్న ఫ్లాట్లలోనూ అలాంటివి ఉన్నాయి.

1988 హౌసింగ్ చట్టంతో ఇళ్లు కట్టే బరువు హౌసింగ్ అసోసియేషన్ల మీదికి మారింది. బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి కట్టమన్నారు. 2010 తర్వాత సర్కారు గ్రాంటు బాగా కోసేసి, కొత్త ఇళ్లకు మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా తీసుకోమన్నారు. ఈ లెక్కల మధ్య అద్దెదారుల గోడు వినేవాళ్లు తగ్గిపోయారు. రాచ్‌డేల్‌లో ఓ అసోసియేషన్ ఫ్లాట్‌లో గోడలకు బూజు (ఫంగస్) పట్టిందని ఒక తండ్రి మొరపెట్టుకుంటే, పైన పెయింట్ వేసుకోమన్నారు. 2020లో ఆయన రెండేళ్ల కొడుకు ఆ బూజు వల్లే చనిపోయాడు. అత్యవసర ప్రమాదమైతే 24 గంటల్లో సరిచేయాలన్న నిబంధన 2025 అక్టోబరులో గానీ అమల్లోకి రాలేదు.

ఇప్పుడు ఇలాంటి ఇళ్ల కోసం పదేళ్లకు 3,900 కోట్ల పౌండ్లు ఇస్తామని ప్రభుత్వం అంటోంది. మంచిదే. కానీ అసోసియేషన్లు ముందు ఉన్న ఇళ్లు బాగుచేయాలి, కొత్తవి కట్టే పని మళ్లీ కౌన్సిళ్లకే ప్రధానంగా అప్పగించాలి. డిస్కౌంట్‌తో కౌన్సిల్ ఇళ్ల అమ్మకాలు కూడా పూర్తిగా ఆపాలి. స్కాట్లండ్ 2016లో, వేల్స్ 2019లో ఆపేశాయి. ఇంగ్లండ్ మాత్రం 2024లో డిస్కౌంట్ తగ్గించి ఊరుకుంది.